తేదీల పుస్తకం: నార్డిక్ దేశాల డివిడెండ్ల లెక్క

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఏ. బకాయిల గురించి చెబుతాననుకొని ఉంటారు. దాని గురించి చెప్పగలవారు ఈ హాల్లో నాకంటే ఎక్కువ మంది ఉన్నారు. అందుకని నేను వేరే సంగతి ఎంచుకున్నాను. స్వీడన్, డెన్మార్క్, నార్వే, ఫిన్లండ్ దేశాల్లో షేర్లు కొనుక్కున్నవాళ్ళు తమ డివిడెండు ఏ రోజున వస్తుందో, ఎంత వస్తుందో ఎలా లెక్క పెట్టుకోవాలి అన్నది ఈనాటి విషయం. "ఈ వయసులో మనకెందుకయ్యా ఆ గొడవ?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మనలో చాలామంది పిల్లలు ఆ దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళ లెక్క తప్పితే దాని ప్రభావం ఇక్కడి మన ఇళ్ళ మీద ఎలా పడుతుందో నేను కళ్ళారా చూశాను. అందుకే చెబుతున్నాను.

2023 ఫిబ్రవరి ఆఖరున నేనూ మా ఆవిడా మూడు నెలల వీసా మీద స్టాక్‌హోమ్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాం. వెళ్ళేసరికి అల్లుడిగారి ఉద్యోగం పోయి ఉంది. అమ్మాయి జీతం మీద ఇల్లు గడుస్తోంది. అక్కడ నిరుద్యోగ భృతి ఉంటుంది కాబట్టి తిండికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా కాకినాడలో ఉంది. మా వియ్యపురాలికి పక్షవాతం వచ్చి మంచం పట్టారు. రాత్రీ పగలూ చూసుకునే మనిషిని పెట్టారు. ఆవిడ జీతానికీ మందులకూ నెలకు రెండు వేల స్వీడిష్ క్రోనర్లు, అంటే అప్పటి లెక్కన సుమారు పదహారు వేల రూపాయలు, అల్లుడుగారు పంపుతున్నారు. ఉద్యోగం పోయాక కూడా, "ఏం ఫరవాలేదు మావయ్యగారూ, నా షేర్ల మీద డివిడెండ్లు ఏడాదికి ఇరవై ఆరు వేల క్రోనర్లు వస్తాయి. అమ్మకి కావలసింది ఇరవై నాలుగు వేలే" అని ధైర్యంగా చెప్పారు.

నేను ఖజానా కార్యాలయంలో ముప్ఫై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పని చేసినవాణ్ణి. ఎవరైనా "వస్తాయి" అంటే, "ఏ తేదీన, ఏ పద్దు కింద?" అని అడగడం నాకు అలవాటు. అడిగాను. అల్లుడుగారు కాసేపు ఆలోచించి, "ఏడాదిలో వస్తాయి మావయ్యగారూ" అన్నారు. ఆ జవాబు విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు అమ్మాయి చేత ఒక పొడుగాటి నోటుబుక్కు తెప్పించుకొని గీతలు గీయడం మొదలుపెట్టాను.

ముందు అక్కడి పద్ధతి మనవి చేస్తాను. స్టాక్‌హోమ్, కోపెన్‌హాగెన్, హెల్సింకి, ఐస్‌లండ్ ఎక్స్ఛేంజీలు నాస్‌డాక్ సంస్థ చేతిలో ఉన్నాయి. 2008లో అది ఓ.ఎం.ఎక్స్. సంస్థను తీసుకోవడంతో ఇవి దాని కిందికి వచ్చాయి. నార్వేలోని ఓస్లో ఎక్స్ఛేంజి మాత్రం 2019 నుంచి యూరోనెక్స్ట్ వారిది. స్వీడిష్ భాషలో డివిడెండును 'ఊట్‌డేల్నింగ్' అంటారు, పంచిపెట్టడం అని అర్థం. మన పాత రోజుల్లో కంపెనీలు డివిడెండు వారంటు కాగితం పోస్టులో పంపేవి. దాన్ని బ్యాంకులో వేసి పదిహేను రోజులు ఎదురుచూసేవాళ్ళం. అక్కడ కాగితం లేదు. డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. వచ్చిపోయినా తెలియకపోవడానికి కారణం అదే. కాగితం చేతికొస్తే మనిషి చూస్తాడు, ఖాతాలో పడితే చూడడు.

ఒక డివిడెండు వెనుక ఐదు తేదీలు ఉంటాయి. ఇవి తెలిస్తే సగం పని అయినట్టే.

మొదటిది ప్రతిపాదన తేదీ. కంపెనీలు జనవరి ఆఖరులోనో ఫిబ్రవరిలోనో గత సంవత్సరపు లెక్కలు ప్రకటిస్తాయి. ఆ రోజునే బోర్డు "షేరుకు ఇంత ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాం" అంటుంది. ఇది ప్రతిపాదన మాత్రమే. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఫైలు పుటప్ అయింది, శాంక్షన్ కాలేదు.

రెండోది సర్వసభ్య సమావేశం తేదీ. ఎక్కువ కంపెనీలకు ఇది మార్చి నుంచి మే లోపల వస్తుంది. వాటాదారులు అక్కడ ఆమోదిస్తేనే డివిడెండు ఖాయమవుతుంది.

మూడోది షేరు డివిడెండు హక్కు లేకుండా చేతులు మారడం మొదలయ్యే రోజు. మన మార్కెట్లో ఎక్స్-డేట్ అంటామే, అదే. స్వీడన్‌లో ఇది సాధారణంగా సమావేశం జరిగిన మర్నాడే. అంటే సమావేశం రోజు దాకా కొన్నవారికి డివిడెండు వస్తుంది, మర్నాడు కొన్నవారికి రాదు.

నాలుగోది రికార్డు తేదీ. ఆ రోజున రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే వారికి డబ్బు. యూరప్‌లో 2014 అక్టోబరు నుంచి కొన్న షేరు రెండు పనిదినాలకు ఖాతాకు చేరుతోంది. అందువల్ల ఎక్స్-డేట్‌కూ రికార్డు తేదీకీ మధ్య ఒక రోజు తేడా ఉంటుంది. మన దేశంలో 2023 జనవరి నుంచి ఒక్క రోజులోనే చేరుతోంది కాబట్టి మనకు రెండూ ఒకే రోజున పడుతున్నాయి. యూరప్ కూడా 2027 అక్టోబరులో ఒక్క రోజు పద్ధతికి మారాలని నిర్ణయించింది. అప్పుడు ఈ లెక్క మళ్ళీ సవరించుకోవాలి.

ఐదోది చెల్లింపు తేదీ. స్వీడన్‌లో రికార్డు తేదీ తర్వాత సాధారణంగా మూడో బ్యాంకు పనిదినాన డబ్బు పడుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. 2023లో వోల్వో కంపెనీ సమావేశం ఏప్రిల్ 4, మంగళవారం. 5వ తేదీ నుంచి షేరు డివిడెండు లేకుండా అమ్ముడయింది. 6వ తేదీ గురువారం రికార్డు తేదీ. మూడు పనిదినాలంటే మంగళవారానికి వచ్చేస్తుందని నేను వేళ్ళ మీద లెక్కవేశాను. కానీ 7వ తేదీ గుడ్ ఫ్రైడే, 10వ తేదీ ఈస్టర్ సోమవారం, రెండూ సెలవులే. డబ్బు 13వ తేదీ గురువారానికి గాని రాలేదు. సెలవుల జాబితా పక్కన పెట్టుకోకుండా తేదీలు లెక్కపెట్టకూడదని నేను ట్రెజరీలో కుర్రాళ్ళకు చెప్పేవాణ్ణి. ఆ దేశంలో నాకే అది మళ్ళీ గుర్తు చేయాల్సి వచ్చింది.

ఈ తేదీల విషయంలో నాలుగు దేశాలూ ఒక్కలా ఉండవు. స్వీడన్‌లో డివిడెండు ఎంతన్నది వాటాదారుల సమావేశమే తేల్చాలి. మధ్యలో బోర్డు తనంతట తాను ఇంటెరిమ్ డివిడెండు ఇవ్వడానికి లేదు. కాబట్టి రెండు, నాలుగు వాయిదాల్లో ఇచ్చే కంపెనీలు కూడా వసంత కాలపు సమావేశంలోనే అన్ని వాయిదాల రికార్డు తేదీలూ ఒకేసారి ప్రకటిస్తాయి. ఇది మనకు మేలు. ఒక్కరోజు కూర్చుంటే ఏడాది తేదీలన్నీ రాసుకోవచ్చు. డెన్మార్క్‌లో బోర్డుకు ఇంటెరిమ్ అధికారం ఇవ్వవచ్చు. ఇన్సులిన్ తయారు చేసే నోవో నార్డిస్క్ మార్చి ఆఖరులో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ఇస్తుంది. ఫిన్లండ్‌లోనూ నార్వేలోనూ సమావేశం బోర్డుకు అధికారం ఇస్తే, బోర్డు తర్వాత ఒక్కో విడత తేదీని నిర్ణయించుకుంటుంది. నోకియా, ఈక్వినార్ మూడు నెలలకోసారి ఇచ్చేది ఆ విధంగానే. అక్కడ ఏడాదికి నాలుగుసార్లు చూసుకుంటూ ఉండాలి.

నాణేలూ వేరు. స్వీడన్, డెన్మార్క్, నార్వేల్లో మూడింటికీ క్రోనా, క్రోనె అనే పేర్లే ఉన్నా మూడూ వేరువేరు నాణేలు. ఫిన్లండ్‌లో యూరో. ఈక్వినార్ డివిడెండును అమెరికా డాలర్లలో ప్రకటిస్తుంది. 2018లో ప్రధాన కార్యాలయాన్ని ఫిన్లండ్‌కు మార్చుకున్న నోర్డియా బ్యాంకు యూరోల్లో ప్రకటిస్తుంది. స్టాక్‌హోమ్‌లో ఉన్న మనిషికి చేతికొచ్చేది ఆనాటి మారకం రేటును బట్టి ఉంటుంది. అందువల్ల నోటుబుక్కులో "ప్రకటించిన మొత్తం" ఒక గడిలోనూ, "ఖాతాలో పడిన మొత్తం" వేరే గడిలోనూ రాసుకోవాలి.

ఇక నేను గీసిన గడులు. కంపెనీ పేరు. ఎన్ని షేర్లు. షేరుకు ఎంత. అది మామూలు డివిడెండా, అదనపు డివిడెండా. ఎన్నో వాయిదా. సమావేశం తేదీ, ఎక్స్-డేట్, రికార్డు తేదీ, చెల్లింపు తేదీ. రావలసింది. పన్ను కోత. వచ్చింది. తేడా. చివర్న రిమార్కులు. కంప్యూటర్లో ఇవన్నీ వాటంతట అవే చూపించే ఏర్పాట్లు ఉన్నాయని అల్లుడుగారు చూపించారు. ఉన్న మాట నిజమే. అయితే కంప్యూటరు తనకు ఇచ్చిన అంకెనే చూపిస్తుంది, ఆ అంకె వచ్చే ఏడాది కూడా వస్తుందా అని అడగదు. అది మనమే అడగాలి.

షేర్లు నాలుగు స్వీడిష్ కంపెనీలవి, ఒకటి డెన్మార్క్‌ది. స్వీడిష్ లెక్క ముందు చెబుతాను.

వోల్వో 600 షేర్లు. అల్లుడుగారు షేరుకు 24 క్రోనర్ల 50 చొప్పున 14,700 అని వేసుకున్నారు. ఆ అంకె ఎక్కడిదని అడిగితే 2021లో వచ్చిందన్నారు. అది అబద్ధం కాదు. 2021 వసంతంలో ఆ కంపెనీ షేరుకు 6 క్రోనర్లు మామూలుగానూ, 9 అదనంగానూ ఇచ్చింది. జపానులోని తన ట్రక్కుల కంపెనీని అమ్మిన సొమ్ములోంచి ఆ వేసవిలో ప్రత్యేక సమావేశం పెట్టి మరో 9 క్రోనర్ల 50 పంచింది. మొత్తం 24.50. కానీ ఒకసారి అమ్మిన కంపెనీని మళ్ళీ అమ్మలేరు కదా! 2022లో ఆ మొత్తం 13 క్రోనర్లయింది. 2023లో 7 మామూలు, 7 అదనం, వెరసి 14. అంటే 8,400. అందులో ఏటా వస్తుందని కాస్త నమ్మకంగా అనుకోగలిగిన మామూలు భాగం 4,200 మాత్రమే.

ఎరిక్సన్ 1,000 షేర్లు. 2023కు షేరుకు 2 క్రోనర్ల 70, రెండు వాయిదాల్లో. అల్లుడుగారు ఒక్కో వాయిదాకు 2.70 అనుకుని 5,400 వేసుకున్నారు. నిజానికి వాయిదాకు 1.35. మొత్తం 2,700.

టెలియా 2,000 షేర్లు. షేరుకు 2 క్రోనర్లు, నాలుగు వాయిదాలు. 4,000. ఇది సరిగ్గానే ఉంది. కాకపోతే నాలుగో వాయిదా మరుసటి ఏడు మొదట్లో వస్తుంది.

ఇన్వెస్టర్ 500 షేర్లు. షేరుకు 4 క్రోనర్ల 40, మేలో 3.30, నవంబరులో 1.10. 2,200. ఇదీ సరే.

ఇక కూడండి. అల్లుడిగారి లెక్క 26,300. ఆ ఏడాది సమావేశాల నిర్ణయాల ప్రకారం 17,300. అదనపు డివిడెండు తీసేసి చూస్తే 13,100. ఏటా వస్తుందనుకున్నదానిలో సరిగ్గా సగం కూడా లేదు, యాభై తక్కువ. మంచంలో ఉన్న తల్లికి ఏడాదికి కావలసింది 24,000.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి బయటపడింది. ఆ 17,300లో 12,400 ఏప్రిల్, మే రెండు నెలల్లోనే వస్తుంది. మిగిలిన 4,900 తర్వాతి నెలల్లో చెదురుమదురుగా వస్తుంది. మన పెన్షను ప్రతి నెలా ఒకటో తారీకున వస్తుంది, దానికి అలవాటు పడిన బుద్ధి మనది. నార్డిక్ డివిడెండ్లు మామిడిపళ్ళ లాంటివి, కాపంతా ఒకే ఋతువులో. ఖాతాలో పడిన డబ్బు వేసవిలో ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. అక్టోబరు వచ్చేసరికి కాకినాడలో ఆ చూసుకునే మనిషికి జీతం ఉండదు. జీతం అందని మనిషి ఎన్నాళ్ళుంటుంది? ఆవిడ మానేస్తే పక్షవాతం వచ్చిన మనిషిని పక్కకు తిప్పేదెవరు?

పన్ను గురించి కొద్దిగా చెప్పాలి. స్వీడన్‌లో మామూలు ఖాతాలో షేర్లుంటే డివిడెండు మీద 30 శాతం పన్ను. కానీ 2012 నుంచి పొదుపుదార్ల కోసం ఒక ప్రత్యేక ఖాతా ఉంది, ఐ.ఎస్.కె. అంటారు. అందులో డివిడెండు మీద విడిగా పన్ను లేదు. దానికి బదులు ఖాతా విలువ మీద ఏటా ఒక చిన్న పన్ను ఉంటుంది, లాభం వచ్చినా నష్టం వచ్చినా. 2025లో మొదటి లక్షా యాభై వేల క్రోనర్ల దాకా ఆ పన్ను లేకుండా చేశారు. 2026 నుంచి ఆ పరిమితి మూడు లక్షలు. అల్లుడిగారి షేర్లన్నీ ఆ ఖాతాలోనే ఉన్నాయి కాబట్టి స్వీడిష్ డివిడెండ్లలో కోత లేదు. ఫిన్లండ్‌లో కూడా 2020 నుంచి షేర్ల పొదుపు ఖాతా ఉంది. అది లేనివారికి అక్కడ లిస్టయిన కంపెనీల డివిడెండులో 85 శాతాన్నే ఆదాయంగా లెక్కిస్తారు. దాని మీద 30 శాతం, అంటే మొత్తం మీద 25.5 శాతం పడుతుంది. పెద్ద ఆదాయాలకు ఇంకా ఎక్కువ.

పొరుగు దేశపు షేరైతే వేరు. నోవో నార్డిస్క్ షేర్లు 60 ఉన్నాయి. 2023 మార్చిలో షేరుకు 8 డేనిష్ క్రోనెల 15 చొప్పున 489 రావాలి. డెన్మార్క్ 27 శాతం ముందే కోసుకొని 357 పంపింది. రెండు దేశాల ఒప్పందం ప్రకారం కోయవలసింది 15 శాతమే. తేడా 59 క్రోనెలు తిరిగి ఇమ్మని డెన్మార్క్ పన్నుల శాఖకు అర్జీ పెట్టుకోవాలి. నేను ఉత్సాహంగా అర్జీ రాద్దామన్నాను. మా అమ్మాయి నవ్వి, "నాన్నా, 59 క్రోనెలకి నువ్వు మూడు రోజులు కూర్చుంటావా?" అంది. నిజమే. అయితే 60 షేర్లకు వదిలేయవచ్చు గాని 6,000 షేర్లున్నవాళ్ళు వదలకూడదు. అర్జీకి గడువు కూడా ఉంటుంది. రిమార్కుల గడి ఉన్నది ఇలాంటివి రాసుకోవడానికే.

ఇంకో మూడు జాగ్రత్తలు.

ఒకటి, డివిడెండు కోసమని ఒక్కరోజు ముందు షేరు కొనడం. అల్లుడుగారు ఆ సలహా కూడా ఎక్కడో విని వచ్చారు. షేరు 200 క్రోనర్లుంది, 14 డివిడెండు వస్తుందనుకోండి. మర్నాడు హక్కు పోగానే ఆ షేరు ధర సుమారుగా ఆ 14 మేరకు తగ్గుతుంది. ఈ జేబులోది తీసి ఆ జేబులో వేసుకోవడమే తప్ప లాభమేమీ లేదు. మామూలు ఖాతా అయితే పైగా పన్నొకటి.

రెండు, షేర్ల సంఖ్య మారడం. 2023 సెప్టెంబరులో నోవో నార్డిస్క్ ఒక్కో షేరును రెండు చేసింది. షేరుకు వచ్చే డివిడెండు అంకె ఆ ప్రకారం చిన్నదవుతుంది. పాత అంకెను కొత్త సంఖ్యతో గుణిస్తే రాని డబ్బు కనిపిస్తుంది. స్వీడన్‌లో కొన్ని కంపెనీలు డివిడెండుకు బదులు షేరును రెండు చేసి, ఒకదాన్ని తామే వెనక్కి తీసుకొని డబ్బు ఇస్తాయి. అది డివిడెండు పద్దులో కనబడదు. దాన్ని ఏటా వచ్చే ఆదాయంగా రాసుకోకూడదు.

మూడు, ప్రతిపాదనను నమ్ముకొని అప్పు చేయడం. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ప్రతిపాదించిన డివిడెండ్లను చాలా కంపెనీలు సమావేశానికి ముందే వెనక్కి తీసుకున్నాయి. బ్యాంకుల మీద అజమాయిషీ చేసే అధికారులే డివిడెండ్లు ఆపమని బ్యాంకులకు చెప్పారు. ఏప్రిల్‌లో వస్తుందనుకొని మాట ఇచ్చినవాళ్ళు ఇబ్బంది పడ్డారు. నా నోటుబుక్కులో ప్రతిపాదనను పెన్సిలుతో రాశాను. సమావేశం ఆమోదించాక దాని మీద సిరాతో దిద్దాను. డబ్బు పడ్డాక ఎర్ర సిరాతో టిక్కు పెట్టాను.

ఈ లెక్కంతా మార్చి ఆఖరుకు పూర్తయింది. ఒక ఆదివారం భోజనాలయ్యాక నోటుబుక్కు అల్లుడిగారి ముందు పెట్టాను. ఆయన మొదట నొచ్చుకున్నారు. "నేను ఇంజనీరుని మావయ్యగారూ, నాకు కూడికలు రావా?" అన్నారు. నేను, "కూడికలో తప్పు లేదు అల్లుడుగారూ, కూడిన అంకెల్లో ఉంది" అన్నాను. ఆయన ఒక్కో వరుసా చూసుకుంటూ వెళ్ళారు. 13,100 దగ్గర ఆగి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "అక్కయ్యకి నేను మొత్తం చూసుకుంటానని చెప్పాను. ఆవిడ ఏ ఏర్పాటూ చేసుకోలేదు" అన్నారు.

ఆ సాయంత్రమే ఆయన కాకినాడలో ఉన్న వాళ్ళ అక్కయ్యకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పారు. ఉద్యోగం పోయిన సంగతి కూడా అప్పటిదాకా ఆవిడకు తెలియదు. ఆవిడ కోప్పడతారేమోనని మేమంతా భయపడ్డాం. ఆవిడ, "ముందే చెబితే నేను చిట్టీ పాడుకునేదాన్ని కాదా, తమ్ముడూ?" అన్నారట. అంతే. ఖర్చు సగం సగం పంచుకున్నారు. నెలకు వెయ్యి క్రోనర్లు ఈయన, మిగతాది ఆవిడ. ఏప్రిల్, మే నెలల్లో వచ్చిన 12,400నూ విడిగా ఒక పొదుపు ఖాతాలో వేసి, ప్రతి నెలా ఒకటో తారీకున వెయ్యి వెళ్ళేటట్టు ఏర్పాటు చేశారు. పన్నెండు నెలలకు 12,000, మిగులు 400. తర్వాత వచ్చిన వాయిదాలను ముట్టుకోకుండా ఉంచారు. అంటే డివిడెండును పెన్షనుగా మార్చారన్నమాట. మేము ఆ మే నెలలో తిరిగి వచ్చేశాం. అల్లుడిగారికి ఆ డిసెంబరులో వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. మా వియ్యపురాలు 2024 శ్రావణ మాసంలో కాలం చేశారు. ఆ పదహారు నెలల్లోనూ చూసుకునే మనిషి ఒక్క నెల కూడా జీతం కోసం ఎదురు చూడలేదు. ఆఖరి వరకూ ఆవిడే దగ్గరుంది.

ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నేను చేసింది గుమాస్తా పని.

పిల్లలు తిరిగి వచ్చేసేటప్పుడు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. స్వీడన్ వదిలి ఇక్కడ స్థిరపడితే అక్కడి కంపెనీల డివిడెండు మీద మామూలుగా 30 శాతం కోత పడుతుంది. భారత్-స్వీడన్ ఒప్పందం ప్రకారం అది 10 శాతమే. మారిన చిరునామా, మారిన పన్ను హోదా అక్కడి బ్యాంకుకు తెలియజేస్తేనే ఆ మేలు దక్కుతుంది. ఇక్కడ స్థిర నివాసి అయ్యాక ఆ షేర్లనూ ఆదాయాన్నీ మన ఆదాయపు పన్ను రిటర్నులో చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు అడగవచ్చు. దానికి కావలసిన సాక్ష్యం మళ్ళీ అదే, తేదీలతో కూడిన నోటుబుక్కు.

మన ఇళ్ళలోనూ ఈ పని ఉంది. మీ ఇనప్పెట్టెల్లో పాత షేరు సర్టిఫికెట్లు ఉన్నాయేమో చూడండి. మన దేశంలో ఏడేళ్ళు వరుసగా డివిడెండు తీసుకోకపోతే ఆ డబ్బే కాదు, ఆ షేర్లు కూడా కేంద్రప్రభుత్వపు మదుపుదార్ల రక్షణ నిధికి వెళ్ళిపోతాయి. అర్జీ పెట్టి తిరిగి తెచ్చుకోవచ్చు గాని ఆ తిరుగుడు మన వయసులో తేలిక కాదు. బ్యాంకు ఖాతా మారినా, ఇల్లు మారినా కంపెనీకి తెలియజేయండి. నామినీ పేరు రాయించండి. ఏ నెలలో ఏది రావాలో ఒక కాగితం మీద రాసి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. మనం ఉన్నన్నాళ్ళూ లెక్క మన తలలో ఉంటే సరిపోతుందనుకుంటాం. మన తర్వాత మన భార్యకో పిల్లలకో ఆ తల దొరకదు, నోటుబుక్కే దొరుకుతుంది.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ స్టాక్‌హోమ్‌లో మా అమ్మాయి దగ్గరే ఉంది. ఈ ఏడు కూడా ఫిబ్రవరిలో ఫోన్ చేసి, "నాన్నా, పెన్సిలు గీతలు పూర్తయ్యాయి" అంది. ఏప్రిల్‌లో సిరా గీతలు పడ్డాయని అల్లుడుగారు చెప్పారు. వరుసలు ఇప్పుడు ఆయనే గీస్తున్నారు.

 భోజనాలు సిద్ధమయ్యాయని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. ఆ తేదీ మాత్రం మనం ఎవ్వరం తప్పం. సెలవు.